మోదుగు చెట్టుకు ముప్పై రెండు అడుగులు

"ఇది పేలదు సారూ. మూడేండ్ల సంది పేలుత లేదు. నమ్మకుంటే మీరే చూడుండ్రి."

బీక్యా ఈ మాట అనడం ఆ పొద్దున అది ఆరోసారి. గూడూరు పోలీస్ స్టేషన్ వెనుక గదిలో బల్ల మీద అతని నాటు తుపాకీ ఉంది. గొట్టం మూతి లోంచి మందు పోసి, గుళ్లు వేసి, కొబ్బరి పీచు దట్టించి కాల్చే పాతకాలపు తుపాకీ. అడవి పందుల బారి నుంచి చేను కాపాడుకోమని సర్కారు బీక్యా తండ్రికిచ్చిన లైసెన్సు మీద ఉన్నది. తండ్రి పోయాక ఆ లైసెన్సు బీక్యా పేరు మీదికి మారడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఈలోగా పందులు ఎవరి లైసెన్సు కోసమూ ఆగలేదు.

ఇన్‌స్పెక్టర్ మహేశ్ తుపాకీ చేతిలోకి తీసుకున్నాడు. భూపాలపల్లిలో రెండు పెద్ద కేసులు తేల్చి పేరు తెచ్చుకున్న స్పెషల్ టీమ్ అధికారి. పేరొచ్చాక మనిషికి ఓపిక తగ్గుతుందంటారు, ఇతనికి మొదట్నుంచీ లేదు. లోపల మందు లేదని చూసుకొని, మీద ఉన్న సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగి మీట నొక్కాడు.

సుత్తి ఠప్పుమని పడింది.

ఎదురుగా కూర్చున్న గూడూరు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ శోభారాణి టీ గ్లాసు కింద పెట్టింది. ఆమె చూస్తున్నది తుపాకీని కాదు, బీక్యా ముఖాన్ని. డెబ్భై ఏళ్ల ఆ ముఖంలోకి ముందు వెలుగొచ్చింది. తప్పిపోయిన ఎద్దు సాయంత్రానికి దొడ్లో కనబడితే రైతుకు వచ్చే వెలుగు. ముసలాయన చేయి చాచి, "ఇంకోపారి కొట్టు సారూ, ఇంకొక్కపారి" అన్నాడు.

"రాజలింగును గూడ గిట్లనే కొట్టినవా?" అన్నాడు మహేశ్.

అప్పుడు గానీ బీక్యాకు భయం వేయలేదు.

సంగతి ఇది. నాలుగు రోజుల కింద, డిసెంబరు పంతొమ్మిది శుక్రవారం పొద్దున ఆరూ ఇరవైకి, గూడూరు అవతల అడవి అంచున ఉన్న మక్కచేను దగ్గర ఒక తుపాకీ పేలింది. ఏడున్నరకు భార్య వెతుక్కుంటూ పోయేసరికి రాజలింగు అనే రైతు పొదలో చచ్చిపడి ఉన్నాడు. మెడ వెనుక రెండు గుళ్లు, భుజంలో ఒకటి. రాజలింగుకూ బీక్యాకూ ఏడాదిగా పడదు. బీక్యా చప్పుడు చేస్తే పందులు తన చేన్లోకి వస్తున్నాయని, ముసలాయన లైసెన్సు రద్దు చేయమని రాజలింగు కలెక్టరుకు అర్జీ పెట్టాడు. ఆ అర్జీ నకలు ఇప్పుడు మహేశ్ ఫైలులో అన్నిటికంటే పైన ఉంది.

"ఎలక్షన్లొస్తే తుపాకులన్నీ జమ చెయ్యాలె. చేసినవ్. నవంబరు ఇరవై ఎనిమిదిన" అని మహేశ్ ఒక రిజిస్టరు తెరిచాడు. "స్టేషన్ల పెట్టకుండ మహబూబాబాద్‌ల తుపాకుల షాపుల పెట్టినవ్."

"స్టేషన్ల పెడితే తుప్పు పడ్తది సారూ. యుగేందర్ సేటు అయితే నూనె పెట్టి ఉంచుతడు. మా తండోళ్లం పదకొండు మందిమి ఆడనే పెడ్తం."

"పద్దెనిమిదిన తుపాకులు వాపసియ్యమని ఉత్తర్వు వచ్చింది, అదే నాడు తీసుకున్నవ్. గిదిగో నీ వేలిముద్ర. తెల్లారి రాజలింగు సచ్చిండు. పేలదని ఊరంత చెప్పుకుంట తిరిగిన తుపాకి నా చేతుల ఠప్పుమన్నది. ఇంకేం చెప్తవ్?"

"నేను తెచ్చుకున్నది ఆయితారం నాడు సారూ, రాజలింగు పోయిన రెండు దినాలకు. మా తారిని అడుగుండ్రి."

"నీ పెండ్లాం నీ దిక్కే చెప్తది గద."

శోభారాణి రిజిస్టరు తన వైపు తిప్పుకుంది. యుగేందర్ చేతిరాత. 'య' అక్షరం కింద అవసరం లేని మెలిక ఒకటి పెడతాడు. ఇరవై ఏళ్ల కింద జనగామ డిగ్రీ కాలేజీలో ఆమె నోటుపుస్తకం చివరి పేజీలో ఆ మెలికే ఉండేది. ఆ పుస్తకం ఇప్పుడెక్కడుందో ఆమెకు తెలుసు, అందుకే ఆ వైపు ఆలోచన పోనీయలేదు. 'షాపు జర నిలబడనీ, వచ్చి మీ బాపుతోని మాట్లాడుత' అన్నాడు యుగేందర్. షాపు నిలబడలేదు. ఆమె నాలుగేళ్లు ఎదురుచూసి, ఆ తర్వాత ఎదురుచూడటం మానేశానని అందరికీ చెప్పింది. పెళ్లి మాత్రం చేసుకోలేదు.

"తాతా, నీ ఎడమ బొటనవేలు చూపు."

వేలి మీద సన్నని గీత, మానిపోయిన గాటు.

"ఇదెప్పటిది?"

"జొన్న కోస్తుంటే కొడవలి తెగిందమ్మా. తుపాకి జమ చేసే ముందునాడు."

ఆమె సిరా తెప్పించి, తెల్ల కాగితం మీద అతని ముద్ర వేయించింది. కొత్త ముద్రలో ఆ గాటు వెంట్రుకంత ఉంది. రిజిస్టరులో జమ చేసినప్పటి ముద్రకు అడ్డంగా వెడల్పాటి తెల్లటి చీలిక. తిరిగి తీసుకున్నట్టున్న ముద్రలోనూ అంతే వెడల్పు, అదే వాలు.

"ఇరవై రోజులల్ల గాటు మానకుండ ఉంటదా మహేశ్ గారూ? ఈ రెండు ముద్రలు ఒక్కనాడు వేసినయే."

బీక్యా తల ఊపాడు. "అవునమ్మా. రెండు గళ్లల్ల ఒక్కపారే వేస్తం. వేలికి సిరా అంటేది ఒక్కపారే గద. మా తండోళ్లందరం గంతే. మా బాపు కాలం నుంచి గంతే."

తీసుకున్న తేదీ ఎవరు రాస్తారని అడగాల్సిన పని లేదు. పదకొండు వరసలకూ పద్దెనిమిదో తారీఖే ఉంది. పదకొండు మంది ఒక్క రోజే వచ్చి తీసుకుపోయారంటే నమ్మడానికి అది రేషన్ షాపు కాదు.

"బాగనే ఉంది. కాని షాపాయన నిన్న నా ముందర ఏమని రాసిచ్చిండో చూడుండ్రి" అని మహేశ్ ఒక కాగితం జరిపాడు. 'రిజిస్టరులో ఉన్నదే నిజం.' కింద యుగేందర్ సంతకం. ఈ ముసలాయన్ని కాపాడటానికి యుగేందర్‌కు ఒక్క మాట చాలు. ఆ మాట అతను చెప్పలేదు.

"అతను పొరపడి ఉండొచ్చు."

"పొరపడ్డడా, మీరు పడుతున్నరా?" మహేశ్ గొంతు తగ్గించలేదు, కానిస్టేబుళ్లు వినాలనే. "షాపాయన మీ క్లాస్‌మేటట గద మేడమ్. ఆరేండ్ల సంది ఆగిపోయిన ఆయన తయారీ, రిపేరు లైసెన్సు ఫైలుకు 'మంచి నడవడి' అని రిపోర్టు రాసింది గూడ మీరేనట, టౌన్ ఇన్‌ఛార్జిగ ఉన్నప్పుడు."

"రాసిన. నిజమే రాసిన. మీకు సందేహముంటే ఎస్పీ గారికి చెప్పుండ్రి. ఈ ముసలాయన ముందర నా కాలేజీ ముచ్చట్లు ఎందుకు?"

"చెప్పాల్సినప్పుడు చెప్తా. రేపు పదకొండింటికి ఇతన్ని కోర్టుల హాజరు పెడుతున్న. మీకు ఇంకో మనిషి దొరికితే అప్పటిలోపు చూపెట్టుండ్రి. దొరకకుంటే నా కేసులకు రాకుండ్రి."

అప్పుడు టైము పదకొండూ పది.

బీక్యా తుపాకీ వైపే చూస్తున్నాడు. "అమ్మా, దీన్ని బాగుచేసింది ఎవలమ్మా?" అని మెల్లగా అడిగాడు. "లోపలి స్ప్రింగు ఇరిగిందని తెలుసు. బాగుచేసే లైసెన్సు ఈ చుట్టుపక్కల ఎవలకు లేదన్నరు. హైదరాబాద్ తీస్కపొమ్మన్నరు. తుపాకి పట్టుకొని జిల్లా దాటాల్నంటే మళ్ల ఇంకో కాయితం. నాతోని ఏడైతది? మూడేండ్ల సంది డబ్బాలు కొట్టుకుంట చేను కావలి కాస్తున్న. దీని చప్పుడు ఇన్నంక మా బాపు పక్కన నిలబడ్డట్టయింది."

జవాబు తన నోటి దాకా వచ్చింది, అయినా శోభారాణి చెప్పలేదు. ఈ జిల్లాలో ఆ పని తెలిసిన చేతులు రెండే ఉన్నాయి.

పన్నెండూ నలభైకి ఆమె మక్కచేను దగ్గర జీపు దిగింది. వెంట డ్రైవరు బాల్‌సింగ్. మహేశ్ మనుషులు శవం పడి ఉన్న పొద చుట్టూ ముగ్గు పోసి, ఫోటోలు తీసి, అక్కడితో సరిపెట్టుకున్నారు. గుండు ఎక్కడ ఆగిందో చూశారు గానీ ఎక్కడ బయల్దేరిందో చూడలేదు. ఆమె పొదకు వీపు పెట్టి నిలబడి ఎదురుగా చూసింది. ఇరవై అడుగుల దూరంలో ఒక పాత మోదుగు చెట్టు. అంతకు అవతల ఖాళీ జాగా.

చెట్టు కాండానికి అవతలి వైపు, మనిషి ఛాతీ ఎత్తులో, కొత్త మేకు ఒకటి దిగి ఉంది. మేకు కింద ఖాకీ కాగితం మూల ఒకటి చిరిగి మిగిలింది. దాని చుట్టూ నాలుగు కొత్త రంధ్రాలు, లోపల సీసం గుళ్లు. ఇంకొంచెం కిందా మీదా పాత మచ్చలు ఎన్నో, బెరడు కమ్మేసి పుండ్లు మానినట్టున్నాయి.

"మేడమ్, గిదేంది? వేటగాండ్లు చెట్టును కొడ్తరా?" అన్నాడు బాల్‌సింగ్.

"కొట్టరు."

వేటగాడు చెట్టుకు కాగితం కొట్టడు. పగవాడు అసలే కొట్టడు. బాగుచేసిన తుపాకీని పరీక్ష చేసేవాడు కొడతాడు. ఇది ఆమె పోలీసు శిక్షణలో నేర్చుకున్నది కాదు. కాలేజీ క్యాంటీన్ మెట్ల మీద కూర్చొని యుగేందర్ చెప్పినది. 'మా బాపు ఏ తుపాకి బాగుచేసినా రెండింతల మందు పోసి ఒక్క దెబ్బ కొట్టి చూస్తడు. గది తట్టుకుంటెనే మనిషి చేతికిస్తడు. అడవి పక్కన ఒక మోదుగు చెట్టుంది, సర్కారు అనుమతిచ్చిన జాగ. చెట్టు కాంచి సరిగ్గ ముప్పై రెండు అడుగులు.' ముప్పై రెండే ఎందుకని అడిగితే, 'మా తాతకు పండ్లు ముప్పై రెండు ఉండెనట' అని నవ్వాడు. ఆ నవ్వు కోసం ఆమె ఆ మెట్ల మీద ఎన్ని క్లాసులు ఎగ్గొట్టిందో లెక్కలేదు.

లైసెన్సు ఆగిపోయినప్పుడే ఆ జాగా అనుమతి కూడా పోయింది. చట్టం కఠినమయ్యాక తుపాకీ కొనేవాడికి అర్జీలు, తనిఖీలు, ఏళ్ల తరబడి తిరగడం. మనిషికి మూడు తుపాకుల హక్కు రెండుకు తగ్గింది. కొత్త లైసెన్సు ఇవ్వరు, కొనేవాడు లేడు, తయారుచేసేవాడికి అనుమతి పొడిగించరు. చట్టం చెడ్డదని శోభారాణి ఏనాడూ అనుకోలేదు. తుపాకీ తక్కువున్న చోట శవాలు తక్కువుంటాయని ఆమెకు పద్దెనిమిదేళ్ల నౌకరీ నేర్పింది. కాని ఆ చట్టం కింద ఒక మనిషి ఎట్లా ఎండిపోయాడో కూడా ఆమె కళ్లతోనే చూసింది.

ఆమె చెట్టుకు ఆనుకొని నిలబడి అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై. ఇరవై ఐదు. అక్కడ ఏమీ ఉండకూడదని మనసులో మొక్కుకుంటూ నడిచింది. ఇన్నేళ్ల నౌకరీలో ఆధారం దొరకొద్దని కోరుకోవడం అదే మొదటిసారి. ముప్పై. ముప్పై ఒకటి.

ముప్పై రెండో అడుగు దగ్గర గడ్డి మాడి ఉంది. రెండడుగుల ముందు కాలిన కొబ్బరి పీచు ముద్ద పడి ఉంది. మామూలు మందుకు పీచు అంతగా మాడదు.

బాల్‌సింగ్ సంచీ పట్టుకొస్తుంటే ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

ఎవరో చేను గట్టు మీంచి వస్తున్నారు. రాజలింగు భార్య పుష్పమ్మ. పోలీసు జీపు చూసి వచ్చింది, ముఖంలో ఏడుపు కంటే బెదురు ఎక్కువుంది.

"అక్కా, మీ ఆయన పొద్దుగాల ఆరింటికి పొదల ఏం చేస్తుండె?"

"కంప ఏరుకోను పోయిండు మేడమ్."

"చలికాలం, మంచుల, కంప ఏరనీకె రబ్బరు బూట్లు ఏసుకొని పోయిండా? ఆయన కాళ్లకు గవే ఉండె గద."

పుష్పమ్మ చూపు పొద వైపు పోయింది.

"కరెంటు తీగ చుట్టుతుండె. అవునా? రాత్రి పందులకు పరిచిన తీగ, లైన్‌మన్ కంట పడకముందే చుట్టి దాచాలె. అందుకే పొదల కూసున్నడు. మీరొచ్చి మొదలు తీగ తీసి, తర్వాత కేకేసిండ్రు."

"మేడమ్, మీ కాళ్లు మొక్కుత" అని పుష్పమ్మ కూలబడింది. "తీగ పెట్టినమని తెలిస్తె కేసయితది, రైతుబీమా రాదన్నరు. ఇద్దరు ఆడపిల్లలు నాకు. ఆయన గూడ తుపాకి కోసం తిరిగిండు మేడమ్. కొత్తయి ఇస్తలేరన్నరు. ఇంకేం జేత్తడు, తీగ పెట్టిండు."

శోభారాణి ఆమెను లేపి గట్టు మీద కూర్చోబెట్టింది. ఇప్పుడు లెక్క సరిపోయింది. కాల్చినవాడికి చెట్టు మీది కాగితం తప్ప ఏమీ కనబడలేదు. రెండింతల మందుతో పోయిన గుళ్లు కొన్ని చెట్టులో దిగాయి, పక్కనుంచి జారినవి పొదలో కిందికి కూర్చున్న మనిషికి తగిలాయి. హత్య కాదు, ప్రమాదం. ఆమెకు కొంచెం ఊపిరాడింది. ప్రమాదమైతే మనిషి బయటపడొచ్చు.

ఆ ఊపిరి ఎంతోసేపు నిలవలేదు.

"మెడకు కట్టిన ఎర్ర గుడ్డ మీ ఆయన తువ్వాలేనా?"

"కాదు మేడమ్. ఆయన తువ్వాల ఇంట్లనే ఉంది. గా సారుకు చెప్పిన, రాసుకోలే. నేను పోయేసరికే గుడ్డ కట్టి ఉంది. మనిషి ఇంక జర వెచ్చగనే ఉన్నడు."

మహేశ్ జాబితాలో నాలుగో వస్తువు, 'మృతుని తువ్వాల'. ఆమె బయల్దేరే ముందు స్టేషన్‌లో ఆ సంచీ విప్పి చూసింది. అంచు కుట్టిన ఎర్రటి మెత్తని గుడ్డ, రక్తం కింద మిషను నూనె వాసన. తుపాకీ తుడిచే గుడ్డ. కాల్చినవాడు పొద దగ్గరికి వచ్చాడు. రాజలింగును చూశాడు. కట్టు కట్టాడు. కట్టి, విడిచిపెట్టి పోయాడు. తగిలిన తర్వాత మనిషి ముప్పావుగంట బతికే ఉన్నాడని డాక్టరు రాశాడు. గూడూరు దవాఖాన అక్కడికి బండి మీద పదిహేను నిమిషాలు.

మహబూబాబాద్ పోయే దారిలో, మూడూ యాభైకి ఫోను మోగింది. కలెక్టరాఫీసు సూపరింటెండెంట్ కళావతి.

"మేడమ్, ఒక మంచి వార్త. గా తుపాకుల షాపు ఫైలు ఇప్పుడే సంతకమైంది, పది నిమిషాలైతుంది. తయారీ, రిపేరు రెండూ. మీ రిపోర్టు చూసే పెద్దసారు ఒప్పుకున్నడు. ఆయనకు మీరే చెప్తరా, నేను చెప్పాల్నా?"

"నేను చెప్తా అక్కా" అంది శోభారాణి.

షాపు ముందు జీపు ఆగేసరికి ఐదుకు పది నిమిషాలు. బాల్‌సింగ్‌ను గుమ్మం దగ్గర ఉంచి ఆమె ఒక్కతే లోపలికి పోయింది. ఒకప్పుడు ముప్పై తుపాకులు నిలబడిన గోడకు ఇప్పుడు రెండే ఉన్నాయి, అవీ ఎవరో దాచిపెట్టమన్నవి. కింద ఇనుప గేటు ఒకటి సగం వెల్డింగ్‌తో పడి ఉంది. యుగేందర్ కళ్లద్దాలు తీసి లేచాడు. కణతల దగ్గర నెరిసింది. చేతులు మాత్రం ఆమెకు గుర్తున్నవే.

"శోభా. చాయ్ చెప్పాల్నా?"

ఎన్నేళ్లయినా ఆ పిలుపులో 'మేడమ్' చేరలేదు. ఆ ఒక్క మాట విని వెనక్కి తిరిగి పోదామని ఆమెకు నిజంగా అనిపించింది. బీక్యా ముఖం అడ్డం వచ్చింది.

"వద్దు. పద్దెనిమిదో తారీఖు ఎందుకు వేసినవ్ పదకొండు మందికి?"

"ఉత్తర్వు తారీఖే వేస్త ఎప్పుడైనా. తనిఖీకి వచ్చేటోళ్లు గదే అడుగుతరు."

"బీక్యా ఎన్నడు తీసుకపోయిండు?"

"...ఆయితారం."

"మరి మహేశ్‌కు గా మాట ఎందుకు చెప్పలే?"

అతను వెల్డింగ్ అద్దం తీసి బల్ల మీద పెట్టాడు, మళ్లీ తీసి ఇంకో చోట పెట్టాడు. ఆమె సంచీలోంచి కాలిన పీచు ముద్ద తీసి అతని ముందుంచింది.

"ముప్పై రెండు అడుగుల కాడ దొరికింది."

అతను మాట్లాడింది పీచు గురించి కాదు.

"స్ప్రింగు ఎవరూ అడగలే శోభా. నేనే చేసిన. అందరి తుపాకులకు నూనె పెడుతుంటి. బీక్యాది చేతికొచ్చింది. మా తాత చేసిన తుపాకి అది, గొట్టం కింద ఆయన గుర్తుంది. లోపల ఇరిగి మూలుగుతుంటే ఎట్ల పెట్టాలె మళ్ల? పాత రంపం బద్ద కోసి, కాల్చి, వంచి, మూడు రాత్రులు కూసున్న. ఆరేండ్లు గేట్లు, కిటికీలు, గ్రిల్లులు. ఆరేండ్ల తర్వాత నా చేతులు నాకు దొరికినయ్."

"బాగుచేసినంక దెబ్బ కొట్టి చూడాలె."

"చూడకుండ ఎట్ల ఇస్త? చేతుల పగిలితే ముసలోడు సస్తడు. తుపాకిని ఒక పైపుల దాచి బండి మీద పోయిన. గా టైములో ఎవరుంటరనుకున్న? ఎవరూ ఉండరు శోభా అక్కడ."

"తెలుసు. నువ్వు చూడలే. గందుల నీ తప్పు ఎంతో కోర్టు చూస్తది." ఆమె వచ్చిన పని ఇంకా మిగిలే ఉంది. "నువ్వు పొద దగ్గరికి పోయేసరికి మనిషిల పాణం ఉందా?"

లేదని చెప్పు, అనుకుంది. అబద్ధమైనా చెప్పు. డాక్టరు లెక్క తప్పయి ఉంటుందని నేనే నాకు చెప్పుకుంటాను. ఇరవై ఏళ్లుగా నీ గురించి నాకు నేను చెప్పుకున్న వాటిలో అదొకటి అవుతుంది.

"ఉంది" అన్నాడు యుగేందర్.

బయట ఏదో ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది.

"నీళ్లు అడిగిండు. సీసాల ఉంటే పోసిన. గుడ్డ కట్టిన. 'బిడ్డా, బండి ఉందా' అన్నడు. ఉందన్న. లేపబోయిన గూడ." అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. "దవాఖానల పేరు రాస్తరు. ఏ తుపాకి, ఎవలు బాగుచేసిండ్రు, లైసెన్సేది అంటరు. గా శుక్రవారమే నా ఫైలు పెద్దసారు టేబుల్ మీదికి పోతున్నది. ఆరేండ్లు తిరిగిన శోభా. ఎవరో ఒకరు వస్తరు, తీస్కపోతరు అనుకున్న. దూరంగ బండి కాడ నిలబడి చూసిన. ఎవరూ రాలే. వెళ్లిపోయిన."

"ఎంతసేపు నిలబడ్డవ్?"

"పావుగంట."

దవాఖానకు పట్టే సమయం. శోభారాణి ఆ లెక్క పైకి చెప్పలేదు. ఈ మనిషి ఒక్కసారి అడిగితే చాలు, అన్నీ విడిచిపెట్టి వచ్చేసేది తను. ఆ మనిషి కోసమే ఇన్ని దీపావళులు స్టేషన్ డ్యూటీలో గడిపేసింది. అతను అప్పుడు తనను ఎందుకు అడగలేదో ఇప్పుడు తెలిసింది. ఈ షాపు ముందు రాజలింగు ఎంతో, తనూ అంతే.

"శోభా." అతను తల ఎత్తాడు. "ఫైలు సంగతి ఏమన్న తెలిసిందా?"

ఆమె అతని కళ్లలోకి సూటిగా చూసింది.

"సంతకమైంది. ఇయ్యాల మూడూ నలభైకి."

యుగేందర్ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ ఏడుపు పొదలో నీళ్లడిగిన మనిషి కోసమే అయితే బాగుండునని ఆమె చివరిసారిగా ఆశపడింది. అతను ముఖం తుడుచుకొని, చిన్నపిల్లవాడిలా అడిగాడు.

"కాయితం చేతికి ఎన్నడిస్తరట?"

శోభారాణి ఫోను తీసి మహేశ్ నంబరు నొక్కింది.

"బీక్యా తాతను రేపు కోర్టుకు తీస్కపోకుండ్రి. కాల్చింది వేరే మనిషి. నా ముందరనే ఉన్నడు, ఒప్పుకున్నడు."

"ఎవలు మేడమ్?" అవతల మహేశ్ కలం తీస్తున్న చప్పుడు. "పేరు చెప్పుండ్రి, రాసుకుంటా."

ఇరవై ఏళ్లలో ఆ పేరును ఆమె ఎవరి ముందూ పైకి అనలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. ఇప్పుడు తండ్రి పేరుతో సహా, వయసుతో సహా, కేసు డైరీలో రాసే వరసలో స్పష్టంగా చెప్పింది. మహేశ్‌కు ఒకసారి సరిగా వినబడలేదు, మళ్లీ చెప్పమన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది.